పాతూరి యూదుల గుడిలో పదోవాడు

దయ్యాలు, ఆత్మలు, గాలి సోకడాలు, వీటిల్లో వేటినీ నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను. ఇదంతా చదివినాక "అయితే నమ్ముతాండావన్న మాట" అని నవ్వుకుంటా ఎవరైనా నా భుజం తట్టేదానికి వస్తే మర్యాదగా ఉండదు, ముందే చెప్తున్నా. మా అనంతపురం ఎండకు బతికినోళ్ళే నిలబడలేరు, సచ్చినోళ్ళు యాడ నిలబడతారు అనేది నా వాదం. ఇరవై ఏండ్లుగా ఆ వాదం మీద కదలకుండా కూర్చోని ఉన్నాను.

ఇంకో సంగతి కూడా నేనే ఒప్పుకుంటాను, మీరు కనిపెట్టి నన్ను పట్టించే శ్రమ లేకుండా. నేను పెంచి చెప్పే మనిషిని. రాప్తాడు మండలాఫీసులో వానలెక్క రాయడం నా ఉద్యోగం. గేజిలో ఎంత పడితే అంతే రాయాల, చుక్క పెంచేదానికి లేదు. ఏడాదిలో ముప్పాతిక భాగం సున్నాలు రాసి రాసి, ఆ కసి అంతా బయట మాటల్లో తీర్చుకుంటాను. మా పెరట్లో జెర్రిగొడ్డు కనిపిస్తే అది సాయంత్రానికి కొండచిలువ అయితాది, మర్నాటికి అది మా ఎదురింటి మేకను మింగేసి ఉంటాది. మా ఆవిడ నేను చెప్పిన దేన్నైనా నాలుగుతో భాగించి నమ్ముతాది. మీరూ అట్లనే చేసుకోండి, నాకేం కోపం లేదు.

ఒక్క అంకె తప్ప. అది వచ్చినప్పుడు చెప్తా. దాన్ని మాత్రం ఎవరూ భాగించొద్దు.

మా నాయనకు ఎనభై దాటి చానా ఏండ్లయింది. నీటికాసుల జబ్బుతో రెండు కండ్లూ పోయినాయి. అంతవరకూ కళ్యాణదుర్గం పక్కన చెనిక్కాయలు పండించుకుంటా, పండకపోతే ప్రభుత్వాన్ని తిట్టుకుంటా హాయిగా బతికినాడు. చూపు పోయినాకనే అనంతపురంలో నా ఇంటికి వచ్చినాడు.

కానీ పడుచు వయసులో ఆయన కొన్నాళ్ళు ఈ ఊర్లోనే, పాతూరులో, ఒక నూనె గానుగలో ఎద్దులు తోలినాడు. ఆ గానుగ వాళ్ళు మనవాళ్ళు కారు, సాయిబులు కారు, చర్చికి పోయేవాళ్ళు కూడా కారు. కొంకణం పక్కనుంచి వచ్చిన యూదులు. శనివారం గానుగ తిప్పరు. శుక్రవారం పొద్దు గుంకినప్పటినుంచి శనివారం పొద్దు గుంకేదాకా నిప్పు ముట్టరు. ఆ ఒక్క దినం వాళ్ళ పొయ్యి రాజేసేది, దీపం చూసుకునేది మా నాయన. అందుకు ఆయనకు అటుకులూ కొబ్బరీ బెల్లమూ కలిపి పళ్ళెం నిండా పెట్టేవాళ్ళంట.

గానుగ వెనక ఒక పొడుగాటి గది. అదే వాళ్ళ గుడి. లోపల విగ్రహం లేదు. పడమటి గోడలో ఒక గూడు, గూట్లో చెక్క బీరువా, అందులో తోలు మీద రాసిన పుస్తకం చాప చుట్టినట్టు చుట్టి ఉండేది. దాన్ని తెరవాలంటే పదిమంది మగోళ్ళు ఉండాల. తొమ్మిదిమంది ఉంటే తెరవరు. ఆ ఇండ్లల్లో మగోళ్ళు తొమ్మిదిమందే. పదోవాడు గుంతకల్లు నుంచి వచ్చే రైల్వే గార్డు, పేరు దావీదు, నెత్తిన నల్లటోపీ. శుక్రవారం సాయంత్రం బండి లేటైతే తొమ్మిదిమందీ గడపలో నిలబడి ఆయన దోవ చూసేవాళ్ళంట.

తర్వాత వాళ్ళంతా ఇల్లూ గానుగా అమ్ముకొని, మా దేశం మాకొచ్చింది అని సముద్రం దాటి పోయినారు. పొయ్యే ముందర, చదివి చదివి చినిగిపోయిన దేవుని కాగితాలను ఒక కుండలో పెట్టి, పడమటి గోడ దగ్గర బండ కింద పూడ్చినారు. దేవుని పేరున్న కాగితాన్ని కాల్చకూడదు, పారెయ్యకూడదు, మనిషిని పూడ్చినట్టు పూడ్చాల అనేది వాళ్ళ ఆచారం. ఇంటి పెద్ద మా నాయన చేతిలో చెయ్యేసి అడిగినాడంట: "ఈడ ఎవురూ మలినం చెయ్యకుండా చూసుకో." నాయన సరే అన్నాడు.

ఇదీ నాయన చెప్పే కథ. ఇప్పుడు నా పాపం చెప్తా.

ఈ కథను ఊరంతా నవ్వులపాలు చేసింది నేనే. పెండ్లిండ్లలో, రిటైర్మెంటు ఫంక్షన్లలో "మా నాయన యూదుల గుడి" అని నేను లేస్తే జనం కుర్చీలు ముందుకు జరుపుకునేవాళ్ళు. పదిమందిని వందమంది చేసినా. గార్డుకు తెల్లగుర్రం ఇచ్చినా. ఒకసారి మైకు చేతికి దొరికితే ఏకంగా గుంతకల్లు రైలునే పాతూరు సందులోకి తోలినా. దాంతో ఏమైందంటే, అసలు కథ కూడా నా కల్పనే అని ఊరు తేల్చుకుంది. పాపం ముసలాయన కట్టె తాటించుకుంటా పొద్దున నడకకు పోతే "ఏం తాతా, మీ యూదుల గుడి దొరికెనా?" అని నవ్వేవాళ్ళు. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. రెండేండ్ల కిందట నడకే మానేసినాడు.

పోయిన ఎండాకాలం ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. మూడో దినం నన్ను మంచం దగ్గరికి పిలిచినాడు.

"ఒరే, పాతూరులో పాత మిద్దెలన్నీ పీకుతాండారంట కదా?"

"అవు నాయనా. అంతా అపార్టుమెంట్లు లేస్తాండాయి."

"ఆ గది మీద ఎవుడన్నా కక్కసు కడితే నా మాట ఏం గావాల? నువ్వు పోయి యాడుందో సూడు. దొరికితే నన్ను తీస్కపో. నేను అబద్ధాలోన్ని కాదని నీకన్నా తెలియాల కదరా."

ఆ కడపటి మాట నాకు ఎక్కడ తగలాల్నో అక్కడే తగిలింది.

గుర్తులు మూడు చెప్పినాడు. వీధిలోనుంచి లోపలికి రెండు మెట్లు దిగాల. పడమట గూడు. ఇంక దారబంధానికి కుడిపక్క రాతి కంబంలో, భుజమెత్తున, ఏటవాలుగా వేలెడు గుంత. ఆ గుంతలో ఏదో రాసిన చిన్న చుట్ట పెట్టి, పోతా వస్తా దాన్ని తాకి వేళ్ళు ముద్దు పెట్టుకునేవాళ్ళంట.

ఆదివారం ఆదివారం వెతికినాను. చర్చి ఫాదరును అడిగినా. ఆయన మంచి టీ ఇచ్చి, "యూదులు ఉన్నమాట వాస్తవమే సార్, కానీ పాలస్తీనాలో" అని పంపించినాడు. అత్తరు అంగడి ముసలాయన నూనె గానుగ ఉన్నట్టు గుర్తుంది గానీ గుడి తెలీదన్నాడు. రిజిస్ట్రారాఫీసులో పాత పుస్తకాలు అడిగితే ఒక మూట చూపించినారు, చెదలు తిన్నది పోగా అందులో మిగిలింది చెదలే. నేను ఆ ఎండలో తిరిగిన దూరం కలిపితే బెంగుళూరు పోయి రావొచ్చు. సరే, భాగించుకోండి, కళ్యాణదుర్గం పోయి రావొచ్చు.

దొరకలేదు. ఎందుకు దొరకలేదో చెప్తే మీరు నవ్వుతారు.

పాతూరులో ఒక సందులో శనీశ్వరుని కంబం అని ఒకటుండాది. పాడుబడిన గోడౌను వాకిట్లో రాతి కంబం. శనివారం వస్తే ఆడోళ్ళు దానికి నూనె పోసి, నల్లగుడ్డ కట్టి పోతారు. శనివారం నూనె కొనకూడదు కాబట్టి శుక్రవారమే కొని పెట్టుకుంటారు. నాకు ఏలినాటి శని అని ఎవరో జ్యోతిష్కుడు మా ఆవిడకు చెప్పినప్పటినుంచి, నాలుగేండ్లుగా ఆ నూనె గిన్నె నేనే మోస్తున్నా. శని మీద నాకు నమ్మకం లేదు. మా ఆవిడ కోపం మీద ఉండాది.

మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం గిన్నె పట్టుకొని పోతే సందంతా దుమ్ము. గోడౌను పైరేకులు దించేసినారు. ముందరి గోడ సగం కూలింది. బేల్దారి మేస్త్రీ ఒకడు, ఈ రాయి మళ్ళీ పనికొస్తాదా అని కంబం మీద పేరుకున్న నూనె పెచ్చులను తాపీతో గీకుతాండాడు. అరవై ఏండ్ల మడ్డి అది, తారు ఊడినట్టు ఊడి వస్తాంది. ఊడినచోట, కుడిపక్క, నా భుజమెత్తున, ఏటవాలుగా ఒక గుంత.

వేలు పెట్టినా. సరిపోయింది.

అట్ల అర్ధగంట నిలబడిపోయినా అని రాయాలని ఉంది. మేస్త్రీ "జరుగు సార్" అనేదాకా నిలబడినా, అంతే. జరిగి లోపలికి చూస్తే రెండు మెట్లు కిందికి. ఎదురుగ్గా పడమటి గోడలో, గోనెసంచుల మరకల మధ్య, ఇటుకలతో మూసేసిన గూడు.

అప్పుడు అర్థమైంది. శనివారం గానుగ తిప్పని ఇల్లు. శనివారం నిప్పు రాజెయ్యని ఇల్లు. అదీ నూనె ఇల్లు. మనవాళ్ళకు ఇంకేం సాక్ష్యం కావాల? వాళ్ళు పోయినాక ఈ గడపలో ఉండేది శనీశ్వరుడే అని తీర్మానం చేసి, కంబానికి నూనె మొదలుపెట్టినారు. ఊరంతా కలిసి యూదుల గుడిని నూనె కింద దాచిపెట్టింది. నా వంతు నాలుగేండ్లు నేనూ దాచినా.

గిన్నె కింద పెట్టి లోపలికి దిగినాను. పడమటి గోడ దగ్గర బండల మీద సున్నంతో నాలుగు చదరంగా గీసి ఉంది.

"ఇదేంది మేస్త్రీ?"

"సెప్టిక్ ట్యాంకు సార్. సాయంత్రం నాలుగ్గంటలకు జేసీబీ వస్తాది."

మా ఆవిడకు ఫోన్ చేసినా. మా వీధి నాగరాజు ఆటోలో నాయన్ను ఎక్కించి పంపమన్నా. ముక్కాలు గంట పట్టింది, ఎందుకంటే జ్వరం పడి లేచిన మనిషి స్నానం చేసి తెల్లపంచె కడితే గానీ కదలనన్నాడంట.

ఈలోపల స్థలం ఓనరు బుల్లెట్టు మీద వచ్చినాడు. ఓబులేసు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టించే యాపారం, మెడలో గొలుసు నా చిటికెనవేలంత లావు. (ఇది పెంచలేదు.) నేను సంగతి చెప్పినా. ఆయన కడుపు పట్టుకొని నవ్వినాడు.

"ఏమప్పా, నువ్వు మా బామ్మర్ది పెండ్లిలో రైలును సందులోకి తోలినోనివి కదా? మళ్ళా అదే కతతో నా ట్యాంకు జరపమంటావా?"

"ఆ రైలు నాది ఓబులేసూ. గుడి మా నాయనది."

"ఏదైతేనేం, వాస్తు ప్రకారం ట్యాంకు గీసింది ఆడనే. నువ్వు పోయి వానలెక్క రాసుకోపో."

అప్పుడే ఆటో వచ్చి ఆగింది. నాగరాజు, నేను చెరో రెక్క పట్టుకొని నాయన్ను దించినాం. ఆయన్ను కంబం దగ్గర నిలబెట్టి, చెయ్యి తీసి గుంత మీద పెట్టినా. వేలితో ఆ పొడుగంతా తడిమినాడు. ముఖంలో ఏమీ కనపడలేదు. కానీ నా భుజం మీద ఉన్న రెండో చెయ్యి మాత్రం గట్టిగా బిగిసింది.

"పా నాయనా, లోపలికి పోదాం. ఆ చోటు యాడో చూపించు" అన్నా.

"ఎంతమంది ఉండారు?"

"ఎందుకు నాయనా?"

"పదిమంది ల్యాకుండా వాళ్ళు ఏదీ తెరిసేవాళ్ళు కాదు. నేనూ తెరవను."

"వాళ్ళల్లో పదిమంది కావాల గానీ, మనం పనికొస్తామా?"

"వాళ్ళు ల్యారు కదరా. ఉన్నోళ్ళతోనే కానిద్దాం. ఎంతమంది?"

లెక్కబెట్టినాను. దయచేసి మీరూ లెక్కబెట్టండి. నాయన ఒకరు, నేను రెండు, ఓబులేసు మూడు, మేస్త్రీ నాలుగు, ఆటో నాగరాజు ఐదు, నలుగురు కూలీలు. తొమ్మిది. సందులో ఇంకెవరూ లేరు. అది మే నెల, మూడు గంటల ఎండ, కుక్కలు కూడా కాలవ కింద పడుకొని ఉన్నాయి.

ఒక మనిషి కోసం ఆ ముసలాయన్ను ఎండలో నిలబెట్టలేక, అలవాటైన పని చేసినా.

"పదిమంది ఉండాం నాయనా" అన్నా.

"అయితే పేర్లు చెప్పండప్పా ఒక్కొక్కరే. నాకు కండ్లు ల్యావు."

ఇది నేను ఊహించలేదు. ఓబులేసు విసుక్కుంటానే "ఓబులేసు, తాతా" అన్నాడు. మేస్త్రీ "పెద్దన్న" అన్నాడు. నాగరాజు చెప్పినాడు. కూలీలు రాముడు, ఎర్రిస్వామి, తిప్పేస్వామి, బాబయ్య, నవ్వాపుకుంటా చెప్పినారు. నేను నా పేరు చెప్పినా. నాయన తన పేరు తాను చెప్పుకున్నాడు. ఒక్కోదానికి ఆయన తల ఊపుతాండాడు.

పదోదానికి నా దగ్గర ఉపాయం ఉంది. గొంతు బొంగురు చేసి "గోవిందు" అందామని తయారుగా ఉన్నా. గొంతు సవరించుకున్నా. నోరు తెరిచినా.

ఇది ఖండితంగా చెప్తాను. నా నోట్లోంచి మాట రాలేదు. ఇంకెవరూ మాట్లాడలేదు. దూరంగా బండ్ల చప్పుడు కూడా లేదు.

నాయన తల ఊపినాడు. మెట్ల పక్కకు ముఖం తిప్పి, నవ్వి, "వచ్చినావా. ఈ పొద్దు కూడా కడాకు వచ్చింది నువ్వే" అన్నాడు.

తర్వాత నా భుజం మీద నుంచి చెయ్యి తీసేసినాడు. చంకలో పెట్టుకున్న కట్టెను నాగరాజు చేతికిచ్చినాడు. రెండేండ్లుగా మంచానికీ బాత్రూముకూ మధ్య కూడా నా రెక్క పట్టుకొని నడిచే మనిషి, ఎత్తుపల్లం చూసుకోకుండా రెండు మెట్లు దిగినాడు. ఎడమ మోచెయ్యి కొంచెం పైకెత్తి ఉంది, పక్కనున్నవాళ్ళకు ఆనుకున్నట్టు. పక్కన ఎవరూ లేరు. కింద పగిలిన ఇటుకలు, కమ్మీ ముక్కలు. ఒక్కదానికీ కాలు తగల్లేదు. పడమటి గోడకు ఇంక రెండడుగులుందనగా ఆగి, కాలితో బండ మీద తట్టినాడు.

"ఈడ."

సున్నం గీతల సరిగ్గా నట్టనడుమ అని రాయాలని చెయ్యి దురదపెడుతోంది. నట్టనడుమ కాదు. గీతల లోపలే, ఒక మూలకు.

మేస్త్రీ గడ్డపార మొనతో ఆ బండను తట్టినాడు. పక్క బండలను తట్టినాడు. మళ్ళీ దీన్ని తట్టినాడు. శబ్దం వేరు. డొల్ల శబ్దం. కూలీల నవ్వులు ఆగినాయి.

"తియ్యప్పా బండ. తేలిపోతాది" అన్నాడు ఓబులేసు.

నాయన దాని మీద బాసిపీట వేసుకొని కూర్చున్నాడు. "శనివారం ఈడ గడ్డపార ఆడనియ్యను. అయినా తీసి సూసేదానికి కాదు నేను వచ్చింది. దాని మీద మలినం పడొద్దని చెప్పేదానికి."

"సూడకుండా ఎట్ల నమ్మాల తాతా? లచ్చలు పెట్టి కడతాండా."

"నమ్మొద్దులే. నన్ను ఎవురూ నమ్మింది ల్యా. ట్యాంకు అవతలికి జరుపు, సాలు."

"జేసీబీని రేపటికి రమ్మంటా, పొద్దున్నే బండ తీస్తా. కుండ ఉంటే జరుపుతా. ల్యాకుంటే నా పని నాది. అంతే" అని ఓబులేసు తెగేసి చెప్పినాడు.

న్యాయంగా చూస్తే ఆయన మాటా తప్పు కాదు. కానీ నాకు భయం పట్టుకుంది. బండ కింద కుండ ఉందని నాకేం తెలుసు? అరవై ఏండ్లు. ఎలుకలు, పందికొక్కులు, నీళ్ళు. తీసి చూస్తే ఒట్టి మన్ను తేలితే, నాయన బతుకంతా అబద్ధాలోడే. నా చేతుల మీదుగా, సాక్షుల ఎదురుగా.

అప్పుడు వచ్చినాడు మస్తాను.

మస్తాను ఎదురు వరసలో, నాలుగు అంగళ్ళ అవతల టీ బంకు పెట్టుకున్న మనిషి; బంకు లోపల స్టవ్వు దగ్గర ఉండి నా లెక్కకు కనపడలేదు. ఊరికి కొత్త, మా నాయన కథ ఎన్నడూ విననివాడు. ఓబులేసు మనుషులకు మూడున్నరకు టీ పంపడం అతని పని. ఎంతమందున్నారో బంకులోనుంచే తలకాయలు లెక్కబెట్టుకొని వస్తాడు. తీగ స్టాండులో గ్లాసులు పెట్టుకొని మెట్లు దిగి అందరికీ ఇచ్చినాడు. ఒక గ్లాసు మిగిలింది. దాన్ని పట్టుకొని చుట్టూ చూస్తాండాడు.

"ఎవురికప్పా అది?" అన్నాడు ఓబులేసు.

"ఆ పెద్దాయనకన్నా. యాడికి పోయినాడు? నల్లటోపీ పెట్టుకొని ఉండె."

నేను మళ్ళీ తలకాయలు లెక్కబెట్టినా, తొమ్మిదే.

"అదేన్నా, ఈ తాతను మోచెయ్యి పట్టుకొని మెట్లు దింపె కదా? పదిమందిని లెక్కబెట్టుకొని పది గ్లాసులు తెచ్చినా."

పది. ఇదే ఆ అంకె.

మస్తానును కలుపుకుంటే పదే కదా అని మీలో తెలివైనవాళ్ళు ఇప్పటికే అనుకొని ఉంటారు. నేనూ అనుకున్నా. మస్తాను బంకులో కూర్చోని అవతలివాళ్ళను లెక్కబెట్టినాడు. తన టీ తాను అక్కడే తాగి వచ్చినాడు. నేను అడిగినా.

ఓబులేసు మెట్ల పక్కకు చూస్తానే గ్లాసు వంచేసి టీ తెల్లచొక్కా మీద పోసుకున్నాడు. ఆయన దులుపుకోలేదు. గ్లాసు కింద పెట్టి, చెప్పులు విడిచి మెట్ల మీద పెట్టి వచ్చినాడు.

"పెద్దన్నా, ఆ సున్నం చెరిపెయ్. తూర్పుపక్క గీయ్."

"బండ తీసి సూద్దామంటివి కద సార్?"

"చెరిపెయ్ అంటి కదా!"

మేస్త్రీ గోనెపట్టాతో గీతలు తుడిచినాడు.  నాయన తన టీ చివరిదాకా తాగినాడు.

పదో గ్లాసును మస్తాను గూటి కింద గట్టు మీద పెట్టినాడు. పోయేటప్పుడు ఖాళీ గ్లాసులు ఏరుకుంటే పదీ ఖాళీ. ఇందులో వింతేం లేకపోవచ్చు. కూలీలల్లో ఎవరో రెండోది లాగించి ఉండొచ్చు. నలుగుర్నీ విడివిడిగా అడిగినా, బిడ్డల మీద ఒట్టేసి లేదన్నారు. టీ కోసం బిడ్డల మీద అబద్ధపు ఒట్లు వేసేవాళ్ళు కూడా ఉంటారు. కాబట్టి గ్లాసును నేను సాక్ష్యంలో పెట్టడం లేదు.

మస్తానును మాత్రం ఎనిమిదిసార్లు అడిగినా. భాగిస్తే రెండుసార్లు. "ఎండలో కండ్లు చీకట్లు కమ్మినాయేమో" అన్నా. "నాకేం పనన్నా అబద్ధం చెప్పేదానికి? టోపీ కూడా చెప్తి కదా" అన్నాడు. మూడోసారి అడిగితే బంకు మార్చుకుంటానన్నాడు. ఊరుకున్నా.

ఆ సాయంత్రం ఆటోలో నాయన్ను అడిగినా. "నాయనా, ఎవరు పట్టుకున్నారు నిన్ను?"

"నువ్వు పదిమంది అని అబద్ధం చెప్పితివి కదరా" అన్నాడు. "నీ గొంతులోనే తెలిసిపోతాది. చిన్నప్పటినుంచీ అంతే."

"తెలిసీ లోపలికి ఎట్ల పోయినావు?"

"పదోవాడు వచ్చినాక పోయినా."

అంతకుమించి చెప్పలేదు. గుచ్చి గుచ్చి అడిగితే, నువ్వు మళ్ళా పెండ్లిండ్లలో చెప్పుకుంటావు, నోరు మూసుకో అన్నాడు. ఇంటికి వచ్చి అన్నం రెండుసార్లు పెట్టించుకొని తిని, ఎనిమిదింటికే నిద్రపోయినాడు. మా ఆవిడ మాత్రం కథంతా విని, "పదిమంది మగోళ్ళంట! నన్ను పిలిచి ఉంటే ఒక్కదాన్నే పదిమంది పెట్టు" అంది. అది నిజం, దాన్నీ భాగించను.

బిల్డింగు లేచింది. ట్యాంకు తూర్పున ఉంది, కట్టేటప్పుడు నేనే టేపు పట్టుకొని నిలబడినా. పడమటి మూల బండ ఎట్లున్నది అట్లే ఉంది. ఎవరైనా అడిగితే ఓబులేసు వాస్తు మారిందని చెప్తాడు. ఒకరోజు తపోవనం సర్కిలు దగ్గర ఎదురుపడి, చుట్టూ చూసి, మెల్లగా అడిగినాడు. "అన్నా, ఆ పొద్దు నీకు ఎన్ని పేర్లు వినపడినాయి?"

"తొమ్మిది."

"నాకూ తొమ్మిదే" అని బుల్లెట్టు స్టార్టు చేసుకొని పోయినాడు.

తీసి చూస్తే సరిపోయేది కదా అని ఆఫీసులో తెలివైనవాళ్ళు అంటారు. మీ ఇండ్లల్లో బండలు తీసి చూసుకోండి. అది మా నాయన మాట, దాని మీద గడ్డపార పడదు. ఇంకొందరు, తొమ్మిది అని రాసి మస్తాను సంగతి వదిలేస్తే నమ్మేటట్టు ఉంటాదని సలహా ఇచ్చినారు. వదలను. ఎండ అన్నారు, ముసలాయన భ్రమ అన్నారు, టీ బంకోని లెక్క తప్పింది అన్నారు. అన్నీ నేను మీకంటే ముందే అనుకున్నవే. ఒక్కొక్కటిగా సరిపోతాయి, మూడూ కలిపితే సరిపోవు. ఎందుకో నాకు తెలీదు.

నా జీవితంలో లెక్కలేనంత మందిని పుట్టించినా. గుర్రమెక్కిన గార్డును పుట్టించినా, వందమంది యూదులను పుట్టించినా. ఆ మధ్యాహ్నం కూడా ఒకణ్ణి పుట్టిద్దామని నోరు తెరిచిన మాట వాస్తవం. కానీ నాకంటే ముందు వచ్చినవాడు ఎవరో నాకు ఈ పొద్దుకూ తెలీదు. నేను కల్పించిన మనిషి మాత్రం కాదు.